గుడ్డు పెంకుల పైకప్పు

ఆ రోజు పొద్దున బస్సెక్కినప్పుడు గిలక్కాయ ఎడమ చెంప మామూలుగానే ఉంది. కుడి చెంప మాత్రం కొత్తగా వెల్ల వేసిన గోడలా మెరిసిపోతోంది. ముందు రోజు సాయంత్రం ల్యాబులో రంగు డబ్బా గిలక్కొడుతుంటే మూత ఎగిరి, లోపలిదంతా మొహం మీదికి చిమ్మింది. సబ్బుతో రుద్దింది, నూనెతో రుద్దింది, ఆఖరికి గిన్నెలు తోమే పీచుతో కూడా ఓ పట్టు పట్టింది. చర్మం కందింది గానీ రంగు కదల్లేదు.

ఇంకొకరైతే మొహానికి గుడ్డ చుట్టుకొని మూల సీటు వెతుక్కునేవారు. గిలక్కాయ బస్సు మధ్యలో కడ్డీ పట్టుకొని నిలబడి, అందరికీ కనబడేలా చెంప అటూ ఇటూ తిప్పింది.

"ఏం జబ్బమ్మా అది?" అన్నాడు సీట్లో కూర్చున్న ఓ పెద్దాయన, కాస్త జరిగి.

"జబ్బు కాదు తాతా, పరిశోధన. ఎంత తోమినా పోవట్లేదు చూడు! ఇక వానకేం పోతుంది? ఇదిగో, ఈ చెంప ముట్టుకో, ఆ చెంప ముట్టుకో. ఏది చల్లగా ఉందో చెప్పు."

పెద్దాయన చెయ్యి ఎత్తబోయి, పక్కన భార్య ఉన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు. భార్యే లేచి రెండు చెంపలూ తడిమి చూసింది.

"అవునయ్యో, తెల్లది చల్లగానే ఉంది" అంది. ఆ తర్వాత బస్సులో సగం మంది ఆ చెంప ముట్టుకున్నారు. ఎండ పడితేనే రంగు పని చేస్తుందని, బస్సు నీడలో రెండు చెంపలూ ఒకటేనని గిలక్కాయకు తెలుసు. తెలిసినా చెప్పలేదు. వచ్చిన జనాన్ని ఎవరు పోగొట్టుకుంటారు?

ఆమె అసలు పేరు జీతాల చిట్టాలో ఉంది. దాన్ని అక్కడే వదిలేశారు. డబ్బాలు గిలక్కొట్టడం ఆమె పని, నోరు ఆడించడం ఆమె స్వభావం. రెండూ కలిపి ఎవరో "గిలక్కాయ" అన్నారు, అది అతుక్కుపోయింది. ఆమె పనిచేసే ల్యాబు ఓ పాత భవనంలో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు మీద "మరమ్మతులో ఉంది" అన్న అట్ట వేలాడుతుంటుంది. అట్ట పాతబడితే కొత్త అట్ట పెడతారు, లిఫ్టు మాత్రం బాగుపడదు. పైన పొడవాటి బల్లలు, పెద్ద ఓవెను, కిటికీ దగ్గర గుండ్రటి డబ్బా ఒకటి. డబ్బాలో పింగాణీ గుండ్లు వేసి తిప్పితే, అవి దొర్లి దొర్లి లోపల ఏది వేసినా పిండి చేసేస్తాయి. ఆ చప్పుడులో గిలక్కాయ మాటలు వినబడవు. అందుకే ఆ యంత్రమంటే తోటివాళ్లకు అంత ప్రేమ.

ల్యాబుకు పెద్ద, డాక్టరమ్మ. సూది వేసే డాక్టరు కాదు, ఎండ మీద పరిశోధన చేసి డాక్టరైన మనిషి. పడిన ఎండను పడినట్టే వెనక్కి తిప్పికొట్టే తెల్ల రంగును ఆవిడ ఏళ్ల తరబడి కష్టపడి తయారు చేసింది. దాన్ని అరచేతిలో పట్టే గాజు పలకకు పూసి మిట్టమధ్యాహ్నం మేడ మీద పెడితే, పలక చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఉండేది. దాని మీద వ్యాసాలొచ్చాయి, చప్పట్లొచ్చాయి. ఒకరోజు ఆవిడే ఆ పలకను చేతిలో తిప్పి చూసుకుంటూ నవ్వింది.

"ఇన్నేళ్లయింది. నా రంగు కింద ఇంతవరకు ఓ చీమ కూడా కాపురం పెట్టలేదే!" అంది.

పొడి ఖరీదైనది, జిగురు అంతకన్నా ఖరీదైనది. ఆ రంగు కొనగలిగినవాడు ఏసీ కొనుక్కుంటాడు. ఏసీ కొనలేనివాడికి ఆ రంగూ అందదు. మరి ఎవరి కోసం చేసినట్టు? ఈ ప్రశ్న ఆవిడను పట్టుకుంది. భవనం వెనక బేకరీ ఉంది. ఓ మధ్యాహ్నం అక్కడ కేకు తింటూ, పెరట్లో పారేసిన గుడ్డు పెంకుల బస్తా చూసి, సగం కేకు అక్కడే వదిలేసి పైకి పరుగెత్తుకొచ్చింది. పెంకులో ఉన్నది సుద్ద లాంటి పదార్థమే. దాన్ని కొంత సన్నగా, కొంత ముతకగా పిండి చేసి కలిపితే, ఎండలోని రకరకాల వెలుగును రకరకాల రేణువులు తిప్పికొడతాయి. జిగురుకు వడ్రంగులు వాడేదాన్నే కాస్త మార్చుకున్నారు.

ఇక గిలక్కాయ పని చూడాలి. బేకరీ నుంచి బస్తాలు మోయడం, పెంకులు కడగడం, లోపలి పొర తీయడం, ఓవెన్లో ఎండబెట్టడం, పిండి పట్టడం, జల్లించడం, కలపడం, గిలక్కొట్టడం. ల్యాబంతా ఆమ్లెట్ వాసన. కింద అంతస్తువాళ్లు ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చి, తినడానికేమీ లేదని తెలిసి మొహాలు వేలాడేసుకొని వెళ్లేవారు. మొదటి డబ్బా రంగును గిలక్కాయ తన స్నానాల గది రేకు మీద వేసింది. వాన కురిసింది. రంగంతా దిగి పక్కింటివాళ్లు ఆరేసిన దుప్పట్ల మీదికి పోయింది. వాళ్లు వారం పాటు మాట్లాడలేదు. జిగురు మార్చారు. రెండోది పెచ్చులూడింది. మళ్లీ మార్చారు. అలా మార్చి మార్చి, మొహానికి పూసి పీచుతో తోమినా పోని దశకు వచ్చింది. కాబట్టి కుడి చెంప సంగతి డాక్టరమ్మకు చూపించినప్పుడు ఆవిడ ముందు ఎగిరి గంతేసింది, తర్వాత "అయ్యో, మంటగా ఉందా?" అని అడిగింది.

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. గిలక్కాయకు గెలవాల్సిన ఇల్లు ఒకటుంది. అందులో మేడ మీద వదిన ఉంది.

గిలక్కాయ, ఆమె భర్త కింది వాటాలో ఉంటారు. భర్త తాళాలు బాగుచేస్తాడు. అందరూ తాళాలాయన అంటారు. ఆయన నోటిక్కూడా ఆయనే తాళం వేసుకున్నాడని వీధిలో చెప్పుకుంటారు. ఆయన అక్క, అంటే గిలక్కాయ వదిన, పైన రేకుల గదిలో కుట్టు మిషను పెట్టుకుంది. గది బయట పెద్ద బోర్డు. బోర్డు మీద కత్తెర బొమ్మను వదిన స్వయంగా వేసింది. అది కొంగలా ఉంటుందని గిలక్కాయ, కొంగైనా నీ మొహం కన్నా నయమని వదిన. ఈ వాదన ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు.

ఎండలు ముదిరితే ఆ గదిలో మధ్యాహ్నం కూర్చోలేరు. రేకు కింద గాలి పొయ్యి మీద పెనంలా కాలుతుంది. చెమట చుక్కలు పడి బట్టలు మరకలవుతాయి. పోయిన ఎండాకాలం వదిన మిషను మీదే తల వాల్చి పడిపోయింది. తాళాలాయన మోసుకొచ్చి కింద పడుకోబెట్టాడు. కళ్లు తెరవగానే ఆమె అన్న మొదటి మాట "మిషను ఆపారా?"

ఈ ఏడు ఊరి చివర బట్టల ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. చల్లటి హాలు, ఉండటానికి అక్కడే గది. వచ్చే నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

"పోతావా?" అంది గిలక్కాయ, ఏమీ పట్టనట్టు.

"పోక? ఇక్కడ ఉడికి చావమంటావా? బోర్డు పీకి నీకిస్తాలే. కొంగను చూసుకుంటూ ఉండు."

గిలక్కాయ ఆ పూట అన్నంలో ఉప్పు వేయడం మర్చిపోయింది. తిట్టడానికి ఇంట్లో మనిషి లేకపోతే మిగిలేది తాళాలాయన ఒక్కడే. ఆయన్ని తిడితే గోడను తిట్టినట్టే ఉంటుంది, చప్పుడు తిరిగి రాదు.

అందుకే రంగును నిజమైన ఇళ్ల మీద పరీక్షించాలని డాక్టరమ్మ అనుకున్నప్పుడు, గిలక్కాయ ముందూ వెనకా చూడకుండా తమ వీధి పేరు చెప్పేసింది. వీధిలో పది రేకుల ఇళ్లున్నాయి. అయిదింటికి రంగు వేయాలి, అయిదింటిని అలాగే వదిలేయాలి. రెండింటి మధ్య తేడా ఎంతో చూపిస్తే, నిధులిచ్చే సంఘంవాళ్లు వచ్చి చూస్తారు. వాళ్లు ఒప్పుకుంటే మిగిలిన అయిదింటికీ, ఆపైన చుట్టుపక్కల వీధులకూ రంగు. ఒప్పుకోకపోతే డబ్బాలు మళ్లీ అలమరలోకి. ఏ ఇంటికి రంగు వేయాలో చీటీలు తీశారు. టోపీలో చెయ్యి పెట్టింది డాక్టరమ్మ.

వదిన గది రంగు లేని అయిదింటిలో పడింది.

"ఇంకోసారి తీయండి మేడమ్!" అంది గిలక్కాయ.

"ఇంకోసారి తీస్తే అది చీటీ కాదు, నీ ఇష్టం అవుతుంది."

"డబ్బా అడుగున కొంచెం మిగిలింది. అలా గాలికి ఓ రెండు చుక్కలు పడితే..."

"ఒక్క చుక్క పడినా ఈ పరీక్ష చెత్తబుట్టలోకే. అప్పుడు మీ వదినకే కాదు, ఎవరికీ రంగు ఉండదు. ఆ డబ్బా ఇలా ఇయ్యి."

గిలక్కాయ ఇచ్చింది. మూత కూడా ఇచ్చింది.

అయిదు రేకులు తెల్లబడ్డాయి. ఎండ పడితే ఎదురు మేడవాళ్లు నల్ల కళ్లజోడు పెట్టుకొని బట్టలు ఆరేసుకోవాల్సి వచ్చింది. ప్రతి ఇంటికీ అగ్గిపెట్టెంత తెల్ల డబ్బా ఒకటి ఇచ్చారు. గదిలో వేడి ఎంతో గంటగంటకూ అదే గుర్తుపెట్టుకుంటుంది. కప్పు కింద వేలాడదీస్తే చాలు. వాటిని పంచే పని గిలక్కాయది. పంచి ఊరుకుంటే ఆమె గిలక్కాయ ఎలా అవుతుంది? వీధి మధ్య స్టూలెక్కి ఉపన్యాసమిచ్చింది.

"చూడండి, ఇది మన వీధి పరువు! పెద్దపెద్దవాళ్లు వచ్చి ఈ అంకెలు చూస్తారు. ఎవరింటి లెక్క ఎంత బాగుందో అక్కడ తెర మీద పడుతుంది. ఎవరూ తల దించుకోకూడదు, తెలిసిందా?"

అందరికీ చాలా బాగా తెలిసింది.

రెండు వారాల తర్వాత డబ్బాలు తెచ్చి కంప్యూటరుకు తగిలించారు. రంగు వేసిన ఇళ్లకు నీలం గీత, వేయని ఇళ్లకు ఎర్ర గీత. ఎర్రది పైన, నీలంది కింద ఉండాలి. తెర మీద ఎర్ర గీత నీలంకన్నా ఎంతో కిందికి జారిపోయి ఉంది.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"కంప్యూటరు బోర్లా పడుంటుంది మేడమ్" అంది గిలక్కాయ నీరసంగా.

"రంగు వేయని ఇళ్లే చల్లగా ఉన్నాయట. అంటే మనం ఇన్నాళ్లూ కష్టపడి వేడి రంగు కనిపెట్టామన్నమాట." డాక్టరమ్మ ఒక్కో ఇంటి గీత విడదీసి చూడసాగింది. ఒకచోట ఆగింది. "మధ్యాహ్నం రెండు గంటలు. బయట నలభై. ఈ ఇంట్లో నాలుగు డిగ్రీలు. ఎవరిల్లు ఇది? మంచుకొండ మీద కట్టారా?"

"పాలావిడది..." అంటూనే గిలక్కాయ ఆగిపోయింది. పాలావిడకు పాలు పెట్టుకునే పెద్ద ఫ్రిజ్ ఉంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు డాక్టరమ్మ ముక్కులోంచి ఓ చప్పుడొచ్చింది. తర్వాత ఆవిడ బల్ల మీద తల పెట్టుకొని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. గిలక్కాయకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. నవ్వు సద్దుమణిగాక డాక్టరమ్మ కళ్లు ఒత్తుకుంటూ అంది.

"నవ్వుకున్నాం సరే. సంఘంవాళ్లు పది రోజుల్లో వస్తున్నారు. వాళ్లకు ఈ గీత చూపిస్తే మన దుకాణం బంద్."

సాయంత్రం గిలక్కాయ వీధిలోకి దండయాత్ర చేసింది. స్టూలు ఎక్కలేదు. "డబ్బా ఎవరో కప్పు కింద వేలాడదీయలేదు" అని మాత్రం గట్టిగా అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే పాలావిడ అందుకుంది.

"నేనేం దొంగతనం చేయలేదమ్మా! పాలు చల్లగా ఉంటాయా, వేడిగా ఉంటాయా అని అనుమానం రాకూడదని పెట్టా. పాలమ్మేదాని ఇల్లు కొలిమిలా ఉందని తెర మీద పడితే, రేపు నా దగ్గర పాలెవరు పోయించుకుంటారు?"

"నేను ఫ్రిజ్‌లో పెట్టలేదు" అన్నాడు సైకిల్ షాపాయన గొప్పగా. "నాకు ఫ్రిజ్ ఎక్కడిది? ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టిలో వేశా. ఒక్క బుడగ కూడా రాలేదు. ఎంత గట్టిగా కట్టానో చూడు!"

మూడో ఇంటివాళ్లు మట్టి కుండ కింద, నాలుగో ఇంటివాళ్లు నేల మీద తడిబస్తా పరిచి దాని మీద పెట్టారు. రంగు వేసినవాళ్లు మాత్రం ఏ మాయా చేయలేదు. వాళ్లకు రంగు మీద నమ్మకం. రంగు రానివాళ్లకే పరువు మీద బెంగ.

ఇక మిగిలింది వదిన. గిలక్కాయ మేడ మెట్లు ఎక్కింది. వదిన గదిలో డబ్బా కప్పు కిందే వేలాడుతోంది. హమ్మయ్య అనుకోబోయి, దగ్గరికి వెళ్లి చూసింది. డబ్బా ఒంటి మీద చిన్న చొక్కా ఉంది. కాలరుంది, రెండు గుండీలున్నాయి. తడిసి నీళ్లోడుతోంది.

"వదినా, ఇదేంటి?"

"చొక్కా."

"అది నాకూ కనబడుతోంది!"

"మరి అడుగుతావెందుకు? పూటకు నాలుగుసార్లు తడుపుతున్నా. నీ రంగు కన్నా బాగా పనిచేస్తుంది. కాలరు ఎలా కుదిరిందో చూశావా? అంత చిన్న కాలరు కుట్టడం ఈ ఊళ్లో ఇంకెవరికైనా వచ్చా?"

"అయ్యో రాత! కూర్చున్న కొమ్మ నరుక్కున్నావే తల్లీ! నీ గది వేడిగా ఉందని తేలితేనే కదా రంగుకు పనుందని తెలిసేది? నీ గదే చల్లగా ఉందంటే నీకు రంగెందుకు వేస్తారు?"

వదిన మిషను తొక్కడం ఆపింది. "ఈ మాట స్టూలెక్కినప్పుడు చెప్పావా? పరువు, పరువు అని అరిచావు. నీ మాటలకు అర్థాలు వెతుక్కోవాలని మాకెలా తెలుసు? పదిమంది బట్టలు కుట్టించుకోడానికి వచ్చే గది. వీధిలో అన్నిటికన్నా వేడి గది ఇదేనని తెర మీద వేస్తే ఎవరొస్తారు? ఫ్యాక్టరీకి పోయేదాకా నా గిరాకీ నేను కాపాడుకోవద్దా?"

"పోవద్దు."

"ఏంటీ?"

"పోవద్దన్నా. నువ్వు పోతే నన్ను తిట్టేదెవరు? మీ తమ్ముడా? ఆయన నోరు తెరిచి ఎన్నాళ్లయిందో!"

వదిన ఆమెను ఎగాదిగా చూసింది. "తిట్టించుకోడానికి ఇంత తెల్లమొహం వేసుకొని వచ్చావా? ఫోనులో తిడతాలేవే" అంది. కానీ లేచి డబ్బా దించింది. గుండీలు విప్పి, చొక్కా పిండి, తీగ మీద ఆరేసింది.

మర్నాడు డాక్టరమ్మ స్వయంగా వీధికి వచ్చింది. పాలావిడ ఇంట్లో నిలబడి ఫ్రిజ్‌ను కాసేపు గౌరవంగా చూసింది. ఎవరినీ తిట్టలేదు. తనదీ తప్పేనంది. రంగు రాని ఇళ్లు ఈ పరీక్షకు ఎందుకు కావాలో వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. "తక్కెడలో ఒక పళ్లెంలో సరుకు పెడతాం, రెండోదాంట్లో రాయి పెడతాం. మీరు ఆ రాయి. రాయి బరువు అబద్ధం చెబితే సరుకు తూకమెలా తెలుస్తుంది?"

"అంటే ఎంత వేడిగా ఉంటే అంత మంచిదా?" అన్నాడు సైకిల్ షాపాయన.

"ఎంత ఉంటే అంత చెప్పండి."

డాక్టరమ్మ వీధి చివరికి చేరకముందే గోల మొదలైంది. ఎవరి గది ఎక్కువ కాలుతుందో పందెం. మా ఇల్లు పెనం, మా ఇల్లు కొలిమి, మా ఇంట్లో నేల మీద గుడ్డు కొడితే అట్టు అయిపోతుంది. పాలావిడ డబ్బాను పాలు కాచే పొయ్యి పక్కనున్న మేకుకు తగిలించబోతుంటే గిలక్కాయ చూసింది. తల పట్టుకొని ఇంటికొచ్చి, అన్నం తింటున్న భర్త ముందు కూలబడింది.

"ఇప్పుడు పొయ్యి మీద పెడతారట! వీళ్లను నేనేం చేయను? ప్రతి ఇంట్లో కాపలా కూర్చోనా?"

తాళాలాయన ముద్ద మింగి, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కున్నాడు.

"బోను" అన్నాడు.

సాయంత్రానికి పది ఎలుకల బోన్లు కొని తెచ్చాడు. గాలి ఆడే తీగ బోన్లు. లోపలి ఎర కొక్కేనికి డబ్బా తగిలించి, తలుపుకు చిన్న తాళం వేసి, బోనును కప్పు దూలానికి కట్టి, ఆ కట్టుకూ తాళం వేశాడు. డబ్బా కదలదు, దాని చుట్టూ తడిగుడ్డ దూరదు. తాళం చెవుల గుత్తిని డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ ఓ బోను పట్టుకొని నాలుగు వైపులా తిప్పి చూసింది. అలాంటి పరికరం కావాలంటే కంపెనీవాళ్లు ఎంత అడుగుతారో తలుచుకొని మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. మూడో రోజు సైకిల్ షాపు డబ్బా పక్కన ఎలుక ఒకటి కనబడింది. ఎలా దూరిందో ఎవరికీ అంతు చిక్కలేదు. దాన్ని వదిలేసి డబ్బా ఉంచారు.

ఆ వారం వదిన పడిన పాట్లు పగవాళ్లకు వద్దు. నేల తడపకూడదు, తడి తెర కట్టకూడదు. ఆమె బకెట్‌లో కాళ్లు పెట్టుకొని మిషను తొక్కబోయింది. మిషనుకు కాళ్లు కావాలి కదా! ఒక కాలు బకెట్‌లో, ఒక కాలు పెడలు మీద పెట్టి కుట్టింది. గిలక్కాయ తొంగి చూసి, "బకెట్టు లెక్కలోకి వస్తుందేమో వదినా" అంది.

"ఇది నా కాలికి, గదికి కాదు. నీ డాక్టరమ్మను అడుగు పో."

గిలక్కాయ నిజంగానే అడిగింది. కాలు ఉంచుకోవచ్చని జవాబొచ్చింది.

సంఘంవాళ్లు ఇద్దరొచ్చారు. ఒకాయన భారీ పెద్దమనిషి, బిగుతు కోటులో ఉన్నాడు. ఒకావిడ సన్నగా, చేతిలో పెన్సిలుతో ఉంది. అంకె చెబితే పెన్సిలు కదులుతుంది, మాట చెబితే కదలదు. డాక్టరమ్మ వాళ్లకు రెండు గీతలూ చూపించింది. ముందు తప్పుడు గీత, తర్వాత బోను గీత.

"మొదటిది దాచేసి ఉండొచ్చు కదా?" అంది పెన్సిలావిడ.

"దాస్తే ఫ్రిజ్ సంగతి మీకు తెలిసేది కాదు. ఇది వందల ఇళ్లకు వెళ్తే వంద ఫ్రిజ్‌లుంటాయి. రంగుతో పాటు బోనూ వెళ్లాలి."

పెన్సిలు కదిలింది. పెద్దమనిషి మాత్రం పెదవి విరిచాడు. అంకెలు సరే గానీ మనుషులకు తేడా తెలియాలి కదా అన్నాడు. తెలుసుకోడానికి వదిన గదికి తీసుకెళ్లారు. మిట్టమధ్యాహ్నం. గుమ్మంలో అడుగుపెట్టిన క్షణంలోనే ఆయన మొహం ఎర్రబడింది. వదిన కుర్చీ చూపించింది. ఆయన కూర్చోగానే కోటు గుండీ ఒకటి తెగి ఎగిరి వదిన ఒళ్లో పడింది.

"ఇప్పుడే కుట్టేస్తాను, కదలకండి" అంది వదిన.

కదలకుండా ఎలా? ఆమె సూదిలోకి దారం ఎక్కించేలోగా ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గుండీ కుట్టగానే నమస్కారం పెట్టి మెట్లు దిగాడు. ఎదురుగా రంగు వేసిన ఇల్లు మాస్టారిది. ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. పెద్దమనిషి ఆ గదిలోకి వెళ్లి, కప్పు వంక చూసి, చెయ్యెత్తి రేకు తాకి చూసి, మాస్టారి మంచం అంచున కూర్చున్నాడు. కాసేపటికి కాళ్లు చాపుకున్నాడు. వీధంతా గుమ్మంలో మూగింది.

"పోదామా సార్?" అంది పెన్సిలావిడ.

"మీరు కిందికి వెళ్లండి. నేను పరిశీలిస్తున్నాను" అన్నాడాయన కళ్లు మూసుకొని.

"ఇది కిందే సార్" అన్నాడు సైకిల్ షాపాయన. వీధి గొల్లుమంది. జనం ఎక్కువై గది వేడెక్కుతోందని గిలక్కాయ అందరినీ బయటికి నెట్టింది. నెడుతూ తానూ నవ్వుతోంది. పెన్సిలావిడ కూడా నవ్విందని, తాను స్వయంగా చూశానని పాలావిడ ఇప్పటికీ ఒట్టు పెడుతుంది.

సంఘం ఒప్పుకుందన్న కబురు నాలుగు రోజుల్లో వచ్చింది. మొదట రంగు రావాల్సింది మిగిలిన అయిదు ఇళ్లకు. ఈసారి చీటీలు తీయలేదు. గిలక్కాయ నిచ్చెన వేసుకొని వదిన రేకు ఎక్కింది. పొడవాటి చీపురుతో రంగు పరుస్తూ పాటలాంటిదేదో అరుస్తోంది. కింద నుంచి వదిన, "ఆ మూల వదిలేశావు! కళ్లున్నాయా? నీకు రంగు వేయడం రాకపోతే చెప్పు, గుడ్డ పరిచినట్టు నేనే పరుస్తా!" అని కేకలు వేస్తోంది. తాళాలాయన నిచ్చెన పట్టుకొని నిలబడ్డాడు.

"ఫ్యాక్టరీవాళ్లకు ఏం చెప్పావు?" అని గిలక్కాయ పైనుంచి అడిగింది.

"ఏం చెప్తాను? గది ఎలా ఉంటుందో రేపు మధ్యాహ్నం చూసి చెప్తానన్నా. నీ మాట నమ్మి ఉద్యోగం వదులుకునేంత పిచ్చిదాన్ని కాదు."

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి బోను తాళం తీసింది. రంగు వేసే ముందు రోజు అదే వేళకు ఆ గదిలో నలభై మూడు. ఇప్పుడు ముప్పై ఏడు. వదిన అంకె తన కళ్లతో రెండుసార్లు చూసుకుంది. చల్లటి హాలంత కాదంది. అయినా ఫోను తీసి ఫ్యాక్టరీకి రానని చెప్పింది. పెట్టేసి గిలక్కాయ వైపు తిరిగింది.

"ఏంటలా ఇకిలిస్తున్నావు? నీ కోసం కాదు. పెళ్లి బట్టలు తొమ్మిది జతలు ఒప్పుకున్నా. జరుగు, వెలుతురుకు అడ్డం."

సోమవారం నుంచి పక్క వీధి. ఒక్క బేకరీ పెంకులు సరిపోవడం లేదు, ఇంకో మూడు బేకరీలతో మాట్లాడారు. తాళాలాయనకు వంద బోన్లు కావాలని చెప్పారు. ఆయన తలూపాడు. రంగు కోసం వరసలో నూట పన్నెండు ఇళ్లున్నాయి.